చెప్పులు విప్పి వెళ్ళే మందుగది

మందు అనే మాటను మన తెలుగువాళ్ళు వాడినంత ధారాళంగా ఇంకెవరైనా వాడతారో లేదో నాకు తెలియదు. జ్వరానికీ మందే, చెరుకు తోటకు కొట్టేదీ మందే, సాయంత్రం నలుగురు చేరి పుచ్చుకునేదీ మందే. ఈ ఒక్క మాట మీద నా ఉద్యోగంలో చివరి రోజులు గడిచాయి. దాని మూలంగా ఒక రోడ్డు వంకర తిరిగింది. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చేయని పని ఒకటి నేనూ చేశాను. అదేమిటో చివర చెబుతాను, ముందే చెబితే మా ఇంట్లో వాళ్ళు తక్కినది చదవరు.

నేను పాత కట్టడాల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. కూలిన గోడలను కొలిచి, అవి ఒకప్పుడు ఎలా నిలబడ్డాయో కాగితం మీద గీయడం నా పని. మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసుకునే కుటుంబం. కొట్లో కూర్చోవలసిన వాణ్ణి గోడల వెంట పడ్డానని మా నాన్నగారికి చివరిదాకా దిగులే. "పడిపోయిన దాన్ని కొలిస్తే జీతమిస్తారేట్రా!" అని ఆశ్చర్యపోయేవారు. ఇప్పుడీ ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు కంప్యూటర్ మీద నిమిషాల్లో గీసేస్తున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయే కోట దగ్గర నాకు పనికొచ్చినవి పెన్సిలూ కంప్యూటరూ కావు.

ఎలమంచిలి దాటి సముద్రం వైపు వెళితే ఒక మత్స్యకారుల ఊరుంది. ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోట, ఇసుక మిట్ట మీద చిన్న కోట. బట్టల వ్యాపారానికి వచ్చిన విదేశీ కంపెనీల్లో ఏదో ఒకటి కట్టింది. ఏ కంపెనీ అన్నది ఇప్పటికీ తగువే కాబట్టి నేను మధ్యలో దూరను. ఆ రేవుకు కొత్త జెట్టీ మంజూరైంది. జెట్టీకి రోడ్డు కావాలి. రోడ్డు దారిలో, కోట గోడకు బయట, ఒంటరిగా ఒక రాతి గది అడ్డుగా ఉంది. అది కోటలో భాగమా కాదా తేల్చి చెప్పమని మా శాఖను అడిగారు. భాగం కాకపోతే మర్నాడే పడగొడతారు.

మా పాత రికార్డులో దాని గురించి ఒక్క మాటే ఉంది: "వైద్యశాల, కోట తరువాతి కాలపు నిర్మాణం." ఎప్పుడో ఒక పెద్దాయన వచ్చి ఊళ్ళో విచారించి రాసినది. ఆ లెక్కన గదికి ఆయువు తీరినట్టే. గీసి, ఫోటో తీసి, వచ్చెయ్యమని మా ఆఫీసరు మేడమ్ నన్ను పంపించారు. తోడుగా మా అటెండరు. అతనిది రావికమతం. మేడమ్ ఎదుట నన్ను "సార్" అనేవాడు, బస్సెక్కగానే "బావా" అనేవాడు.

కోటను చూడగానే అతను పెదవి విరిచేశాడు. "ఇదేటి బావా, మా ఊళ్ళో చెరుకు తోట కంచె దీనికంటే ఎత్తుగా ఉంటాది."

నాకూ మొదట అలాగే అనిపించేది. కోట అంటే ఆకాశాన్ని తాకాలని సినిమాలు మనకు నేర్పాయి. ఫిరంగులు వచ్చాక ఎత్తైన గోడంత చేటు ఇంకోటి లేదు. దూరానికి కనబడుతుంది, గుండు తగిలితే విరిగి లోపలివాళ్ళ మీదే పడుతుంది. అందుకని గోడలు పొట్టిగా, దళసరిగా, కొంచెం వాలుగా కట్టి వెనక మట్టి నింపారు. గుండు వచ్చి మట్టిలో కూరుకుపోవాలి, అంతే. బురుజులు గుండ్రంగా కాక కోణాలుగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక బురుజు కాళ్ళ దగ్గర దాక్కున్న శత్రువును పక్క బురుజు చూడగలగాలి. ఇది నాకు మహా ఇష్టమైన సంగతి. తన కాళ్ళ కింద ఏముందో తనకు కనబడదని ఒప్పుకుని కట్టిన కట్టడం అది.

ఇంకో విచిత్రం, ఆ కోట ఫిరంగి కన్నాలు నడి సముద్రం వైపు లేవు. ఏటి మొగ వైపున్నాయి. పెద్ద ఓడ ఎలాగూ ఒడ్డుకు రాలేదు, దూరాన లంగరు వేసి మనుషులను పడవల్లో దించాలి. ఆ పడవలు అలల్లో నెమ్మదించే చోటు ఒక్కటే ఉంది. ఫిరంగులన్నీ అక్కడికే గురి. ఇప్పుడు జెట్టీ కడుతున్నదీ సరిగ్గా అక్కడే, పడవ దిగడానికి అప్పుడూ ఇప్పుడూ అదొక్కటే తావు మరి.

ఇక గది సంగతి. దగ్గరికి వెళుతుండగానే ఎండు చేపల వాసన నా ముక్కు పట్టుకుంది. మా ఇంట్లో గుడ్డు పెంకు కూడా అడుగు పెట్టలేదని చెబితే నా అవస్థ మీకు అర్థమవుతుంది. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో కాలు పెట్టబోయాను.

"బాబూ! సెప్పులు! సెప్పులిప్పి రా!"

లోపలి నుంచి ఒకావిడ కేక. యాభై దాటి ఉంటాయి. ఎండు చేపలు ఎలమంచిలి సంతకు పట్టుకెళ్ళి అమ్మే ఆడవాళ్ళకు ఆవిడ పెద్ద. వానాకాలంలో ఆ ఊళ్ళో ఎండు చేప పాడవకుండా ఉండే చోటు ఆ గదొక్కటేనట. ఊరి ఆడవాళ్ళ సరుకంతా అందులోనే, తాటాకు బుట్టల్లో, చాపలు కప్పి ఉంది.

"లోపల దేవుడున్నాడా అమ్మా?" అన్నాను చెప్పులు విప్పుతూ.

"దేవుడేటి బాబూ, సేపలున్నాయి."

"మరి చెప్పులెందుకు విప్పాలి?"

"మా అత్త ఇప్పేది. ఆవిడత్త ఇప్పేదంట. ఇనప కత్తి కూడా లోనికి తేనియ్యదు. ఇంక సుట్ట ముట్టించుకుని వచ్చేడంటే మా మావకి కూడా సీపురు తిరగేసీసేది." ఆవిడ నవ్వి, వెంటనే ముఖం గంభీరంగా పెట్టుకుంది. "రోడ్డోళ్ళలాగ దీన్ని పడగొట్టీడానికి వచ్చేవా, నిలబెట్టీడానికి వచ్చేవా? ఉన్నమాట సెప్పు. ఇది పోతే వానల్లో మా సరుకెక్కడెట్టుకోవాల?"

కొలవడానికి వచ్చానని చెప్పాను. కొలిచేవాణ్ణి నమ్మవచ్చో లేదో అన్నట్టు ఆవిడ నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"దీన్ని మీరు ఏమంటారు?" అని అడిగాను.

"మందుగది."

అదీ సంగతి. మా శాఖ పెద్దాయన అడిగినప్పుడూ ఊరివాళ్ళు అదే చెప్పి ఉంటారు, ఆయన వైద్యశాల అని రాసుకుని వెళ్ళిపోయి ఉంటారు. బయట టీ కొట్టు దగ్గర కుర్రకారును అడిగితే వాళ్ళ చరిత్ర వేరు. "దొరలు రాత్రయితే ఆడ కూకుని తాగీవోళ్ళు సార్, అందుకే మందుగది," అన్నారు. మా అటెండరుకు ఈ సిద్ధాంతమే నచ్చింది. మందుకు ఇంకో అర్థం కూడా ఉందని మీకు ఈపాటికే తట్టి ఉంటుంది. కాగితం మీద చదివేవాళ్ళకు అలాంటివి తేలిగ్గానే తడతాయి. ఎండు చేపల మధ్య ముక్కు మూసుకుని నిలబడ్డవాడికి అంత సులువుగా తట్టదు.

టీ కొట్టు దగ్గరే రోడ్డు ఇంజనీరు కలిశాడు. కె. కోటపాడు వైపు రైతుల అబ్బాయి, మంచివాడే, కానీ చాలా విసిగిపోయి ఉన్నాడు. "గురువుగారూ, ఆ ఆసుపత్రి సంగతి తొందరగా తేల్చేయండి. అసలు నా తలనొప్పి అది కాదు. దానికి అవతల ఒక చోట ఎంత గ్రావెల్ పోసినా కిందికి దిగిపోతంది. పక్కన నేలంతా రాయిలా ఉంది, అక్కడ మాత్రం మింగేస్తంది." ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు.

గదిని కొలుస్తూ ఉంటే ఒక విషయం వింతగా తోచింది. వాసన ఉంది, కానీ చెమ్మ లేదు. సముద్రానికి కూతవేటు దూరంలో, ముసురు పట్టిన రోజు, రాతి గోడ మీద చెయ్యి పెడితే పొడిగా ఉంది. నేలకు కొంచెం పైన గోడల్లో వరుసగా గూళ్ళున్నాయి. ఒకప్పుడు అందులో దూలాలు దూర్చి, పైన చెక్కలు పరిచి ఉంటారు. వాటిని చూస్తుంటే మా తాతగారి బెల్లం గోదాం గుర్తొచ్చింది. అక్కడా అంతే. బెల్లం దిమ్మ నేలకూ గోడకూ తగలకూడదు, కింద గాలి ఆడాలి, ఎండ సూటిగా పడకూడదు. చెమ్మ తగిలిందా, దిమ్మ చెమర్చి కారిపోతుంది. ఈ గది కట్టినవాడు కూడా ఏదో చెమ్మ పడని సరుకు కోసమే కట్టాడు. రోగుల కోసం కాదు. కిటికీ లేని గదిలో రోగిని పడుకోబెడితే వాడు రోగంతో కాదు, ఉక్కతో పోతాడు.

గోడల్లో గాలి కన్నాలున్నాయి గానీ వాటిలోంచి వెలుతురు రావడం లేదు. మూసుకుపోయాయేమో అనుకుని బయటి నుంచి ఒక వెదురు బద్ద దూర్చమన్నాను మా అటెండరును. లోపల నేను ఎదురు చూస్తున్నాను. బద్ద రాలేదు.

"తగిలింది బావా! రాయి!" అని అరిచాడు అతను. ఆ అరుపు మాత్రం కన్నంలోంచి శుభ్రంగా నా చెవిలో పడింది.

అంటే గాలికి దారి ఉంది, సూటి దారి లేదు. గోడ మధ్యలో రాయి అడ్డం పెట్టి కన్నాన్ని మెలిక తిప్పారు. గాలి మలుపు తిరిగి వస్తుంది. ఎగిరొచ్చిన నిప్పురవ్వ మాత్రం రాయికి తగిలి ఆగిపోతుంది. నిప్పురవ్వకు అంతగా భయపడే సరుకేమిటి? చెమ్మకూ నిప్పుకూ రెండింటికీ భయపడే సరుకేమిటి? ఇనుము తేకూడదు, రవ్వ లేస్తుందని ఇనప మేకులు కొట్టిన చెప్పులతో రాతి మీద నడవకూడదు, చుట్ట ముట్టించకూడదు.

"తుపాకి మందు!" అన్నాను పైకే. ఆవిడ ఉలిక్కిపడి బుట్టల వైపు చూసింది.

చెబితే నమ్మరు, ఆ క్షణంలో చేపల వాసన కూడా మరిచిపోయాను. ఫిరంగులు పోయాయి, సిపాయిలు పోయారు, కంపెనీ పేరు కూడా పోయింది. చెప్పులు విప్పాలన్న ఆజ్ఞ ఒక్కటి మాత్రం అత్త చేతి నుంచి కోడలి చేతికి వస్తూ చేపల బుట్టల మధ్య బతికి ఉంది. నిజంగా ఆ ఆజ్ఞే ఇదా, లేక మరేదైనా కారణమా, ప్రమాణం చేసి చెప్పలేను.

ఆవిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇది మందుగుండు దాచిన గదే అయితే కోటలో భాగమే, పడగొట్టరు. అయితే మా శాఖ తాళం వేస్తుంది.

"తాళమేసీసి?"

"బోర్డు పెడతారు. లోపల సరుకు పెట్టనివ్వరు."

"అయితే ఆసుపత్రంటే రోడ్డు మింగీసింది, మందుగదంటే మీరు మింగీసినారు. మావేటి సేసేం బాబూ?" ఆవిడ కోపంగా అడగలేదు. అందుకే నాకు మరీ కష్టంగా తోచింది. నేను టేపు చుట్టుకున్నాను.

మేడమ్‌కు ఫోన్ చేసి ఉత్సాహంగా అంతా చెప్పాను. ఆవిడ ఓపికగా విని, "చాలా బాగుంది. కానీ మందుగుండు ఎవరైనా కోట గోడకు బయట పెట్టుకుంటారా?" అని అడిగారు.

నా ఉత్సాహం నీరుగారిపోయింది. గది గోడకు బయటే ఉంది మరి.

మేడమ్ స్వయంగా వచ్చి చూస్తానన్న తనిఖీ రోజు రానే వచ్చింది. ముందు రోజు నుంచీ వాన. మేడమ్, ఇంజనీరు, నేను, ఊరి జనం, అందరం గొడుగుల కింద ఉన్నాం. కుర్రాళ్ళు రోడ్డు సూటిగా రావాలని, ఐసు బండి జెట్టీ దాకా వెళ్ళాలని గట్టిగా అంటున్నారు. వాళ్ళ అవసరమూ అబద్ధం కాదు, ఐసు అందక ఎంత చేప కుళ్ళిపోతోందో వాళ్ళకు తెలుసు. ఆడవాళ్ళు గది గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. నేను కన్నాలు చూపించాను, గూళ్ళు చూపించాను. ఇంజనీరు గదిలోకి వెళ్ళబోతే చేపలావిడ బూట్లు విప్పించింది. "ఎందుకమ్మా?" అని మేడమ్ అడిగితే, "మా అత్త ఇప్పేదమ్మా," అని అదే జవాబు. మేడమ్ తన చెప్పులు కూడా విప్పారు.

బయటికి వచ్చాక మాత్రం తల అడ్డంగా ఊపారు. "నాకూ మందుగదే అనిపిస్తోంది. అనిపించడం రికార్డుకు పనికిరాదు. కోట బయట ఎందుకుందో చెప్పండి."

నేను అవతలికి చూశాను. గదికి ఆవల వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఇసుక నేల మీద నీళ్ళు నిలవడమే వింత. ఆ నీళ్ళు మడుగులా కాదు, పట్టీలా నిలిచాయి. ఆ పట్టీ తిన్నగా వెళ్ళి, ఒక చోట కోణంగా ముందుకు పొడుచుకొచ్చి, మళ్ళీ వెనక్కి తిరిగి సాగింది.

"ఆ గ్రావెల్ దిగిపోయే చోటు ఏది?" అని ఇంజనీరును అడిగాను.

అతను వేలు చూపించాడు. నీళ్ళ మీదికే.

కందకం! పూడ్చేసిన కందకం. దాని వెంట ఉండవలసిన బయటి గోడను ఊరివాళ్ళు ఏనాడో రాయి కోసం విప్పుకుపోయారు, గోడ వెనక మట్టి జారి కందకంలో పడింది. మేం కోట గోడ అనుకుంటున్నది లోపలి గోడ. ఎవరి కంటా పడని బురుజు ఆకారాన్ని వాన గీసి చూపించింది. నేనైతే అంత చక్కగా గీయలేను. గది కోట లోపలే ఉంది, ఫిరంగులకు దూరంగా, ఉండవలసిన చోటే ఉంది.

మేడమ్ ఆ నీళ్ళ పట్టీ వెంట చివరిదాకా నడిచి వచ్చారు. తర్వాత, "గీయండి," అన్నారు. గొడుగు పట్టుకోవడానికి మా అటెండరు వచ్చాడు. వాన తగలకుండా కాగితం మీద వంగి గీశాను.

రోడ్డు సమస్య ఇంజనీరే తీర్చాడు. పూడిన కందకం మీద రోడ్డు నిలవదని అతనికి తెలిసిపోయింది. పాత కోట ద్వారం దగ్గర మాత్రం కందకం తవ్వలేదు, ఇప్పటికీ ఎడ్లబండ్లు అటే వంకర తిరిగి వెళుతుంటాయి. అక్కడ నేల గట్టిది. "సరే, ఆ వంకరే మనకీ," అన్నాడు. కోట కట్టినవాడు శత్రువు సూటిగా దూసుకు రాకూడదని పెట్టిన వంకర మీద ఇప్పుడు ఐసు బండ్లు వెళుతున్నాయి.

అందరూ గెలిచారు, చేపలావిడ తప్ప. ఆ వారంలోనే సరుకు తీయించి గదికి తాళం వేశారు. ఇంజనీరు ఐసు షెడ్డు పక్కన రేకుల వసారా ఒకటి వేయించి ఇచ్చాడు. ఆవిడ తాళం వైపు చూసి ఒక్క మాట అంది. "మూసేత్తే సెమర్సీద్ది బాబూ." మేము నిబంధన అన్నాం.

ఆ వానాకాలం రేకుల కింద సరుకు సగం బూజు పట్టింది. వానలు తగ్గాక మేము గది తెరిస్తే అదీ అంతే. గోడల నిండా తెల్లటి ఉప్పు పొంగి ఉంది, సున్నం పెచ్చులు రాలి నేల మీద పడి ఉన్నాయి. అన్నేళ్ళు నిలిచిన గది మా సంరక్షణలో ఒక్క వానాకాలం నిలవలేకపోయింది. నాకు సిగ్గూ దుఃఖమూ రెండూ కలిగాయి. మేడమ్ ఆవిడను పిలిపించి, ఇన్నాళ్ళూ పొడిగా ఎలా ఉంచారని అడిగారు.

"ఏటుందమ్మా ఇందల? పడమటి గాలి వీత్తే తలుపు తీత్తాం. సముద్రం గాలొత్తే మూసేత్తాం. ఏ పూటకా పూట సూసుకోవాల. తాళానికి గాలి తెలుద్దేటి?"

మందుగుండు గదులను కూడా అలాగే పొడి రోజున తెరిచి, చెమ్మ రోజున మూసి కాపాడేవారని మేడమ్‌కు తెలుసు. ఆఫీసుకు వచ్చి ఆవిడ పట్టుబట్టి ఉత్తర్వు వేయించారు. గదికి గాలి ఆడించే బాధ్యత చేపలావిడది, తాళంచెవి కూడా ఆమె దగ్గరే. సరుకు గురించి ఉత్తర్వులో ఒక్క మాట లేదు, పెట్టవచ్చనీ లేదు, కూడదనీ లేదు. మేడమ్ అంత జాగ్రత్తగా రాసిన కాగితం నేను ఇంకోటి చూడలేదు.

తాళంచెవి ఇచ్చిన రోజు నేను మా కొట్టు నుంచి ఒక చిన్న బెల్లం దిమ్మ తీసుకెళ్ళి చేపలావిడ చేతిలో పెట్టాను. "దీన్ని లోపల గూట్లో పెట్టు. మళ్ళీ వానలు వెళ్ళేదాకా కారకపోతే ఇది మందుగదే," అన్నాను.

రిటైరయ్యాక, మరుసటి వానాకాలం వెళ్ళాక, ఊరికే చూద్దామని వెళ్ళాను. గది ముందు బోర్డు ఉంది. చూడడానికి వచ్చినవాళ్ళు ఏం మందని అడుగుతున్నారా అంటే, ఆవిడ పకపకా నవ్వింది. "అడక్కేం బాబూ. ఓడలేసుకుని వచ్చినోళ్ళకి పెట్టిన మందని సెప్తన్నాను."

నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. గోడ మీద చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది. మూలల వైపు నేను చూడలేదు. రిటైరైనవాడికి తనిఖీ చేసే అధికారం లేదు కాబట్టి నా ముక్కుకు తెలిసినదేదో నేను ఎవరికీ చెప్పలేదు. ఆవిడ గూట్లోంచి దిమ్మ తీసి, రాతి గడప మీద కొట్టింది. టక్కున విరిగింది. పెద్ద ముక్క నా ముందుకు చాపింది.

దాన్నిండా ఎండు చేపల వాసన. మా వంశంలో ఎవరూ ఎరగని వాసన. ఆవిడ నా ముఖమే చూస్తోంది.

తినేశాను.